బండి చూసినందుకు కూడా డబ్బులివ్వాలి

"సార్, మీ బండి పొద్దున్నే దగ్గుతోందండి."

మా వాచ్‌మన్ ఈ మాట అన్నది నవంబరు చివర్లో. నేను పట్టించుకోలేదు. మా విజయవాడ పటమట సందుల్లో ఆ రోజుల్లో తెల్లవారుజామున ఏ బండి స్టార్ట్ చేసినా సైలెన్సర్ లోంచి కాస్త తెల్లటి ఆవిరి వస్తుంది. గొట్టంలో చేరిన తేమ వేడికి ఆవిరై పోవడం అది, రెండు నిమిషాల్లో ఆగిపోతుంది. నా బండిదీ అదేననుకున్నాను. ధనుర్మాసం వెళ్ళింది, సంక్రాంతి వెళ్ళింది, శివరాత్రికి చలి కూడా శివశివా అంటూ వెళ్ళిపోయింది. నా బండి పొగ మాత్రం పోలేదు.

బండి అంటే 2016 డీజిల్ కారు. లక్షా ఎనిమిది వేల కిలోమీటర్లు తిరిగింది. పొద్దున సెల్ఫ్ కొడితే స్టార్ట్ అవుతుంది, కానీ మొదటి అర నిమిషం ఒక సిలిండరు పని చెయ్యనట్టు ఒళ్ళంతా వణుకుతుంది. వెనక తెల్లటి పొగ, అందులో ఒక తీపి వాసన. బెల్లం పాకం అడుగంటితే వంటింట్లో వచ్చే వాసన లాంటిది. ఆ తర్వాత రోజంతా ఏ ఇబ్బందీ ఉండదు. టెంపరేచర్ ముల్లు మధ్యలోంచి కదలదు. బానెట్ ఎత్తితే మాత్రం ఇంజన్ను చల్లబరిచే ద్రవం, అదే కూలెంట్, ఉండే డబ్బాలో మట్టం ప్రతిసారీ కిందికే ఉంటుంది. కింద నేల మీద చూస్తే ఒక్క చుక్క లేదు.

బయట ఎక్కడా కారకుండా కూలెంట్ తగ్గుతోందంటే అది లోపలికే పోతోందన్నమాట. ఆ సంగతి నాకు అర్థమైంది. లోపలికి అంటే ఎక్కడికి అన్నదే ఈ వ్యాసమంతా. ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి ఒక మనిషి వెచ్చించే సమయానికి మనం పైసా ఇవ్వడానికి ఇష్టపడకపోవడం గురించి కూడా.

జనవరి నుంచి నేను ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకున్నాను. డబ్బా మీద మార్కర్‌తో గీత గీసి, పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మాత్రమే చూసి, తేదీ, కిలోమీటర్లు, గీతకు ఎంత కింద ఉందీ రాసేవాణ్ణి. చల్లగా ఉన్నప్పుడే ఎందుకంటే, కూలెంట్ వేడికి పొంగుతుంది. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే చూస్తే మట్టం ఎక్కువ కనిపించి మోసం చేస్తుంది. వేడి మీద మూత తీస్తే మోసంతో పోదు, ముఖం కాలుతుంది. లోపల ఒత్తిడిలో ఉన్న ద్రవం మూత తియ్యగానే ఒక్కసారిగా మరిగి పైకి చిమ్ముతుంది. ఇంజన్ ఆపి గంట దాటకుండా ఆ మూత జోలికి వెళ్ళొద్దని ఇది చదివే ప్రతి ఒక్కరినీ బతిమాలుతున్నాను.

ఆ నోటుబుక్కులో రెండు నెలలకు ఒక సంగతి తేలింది. బెంజ్ సర్కిల్, వన్‌టౌన్, గవర్నర్‌పేట అంటూ ఊళ్ళో తిరిగిన వారంలో మట్టం దాదాపు తగ్గలేదు. హైదరాబాద్ వెళ్ళొచ్చిన మర్నాడు మాత్రం రెండు వేళ్ళ మందాన తగ్గింది. బండి బాగా వణికిందీ, పొగ ఎక్కువ వచ్చిందీ సరిగ్గా ఆ మర్నాటి పొద్దునే. రెండు వందల డెబ్భై కిలోమీటర్లు గట్టిగా నడిచిన ఇంజన్‌లో కూలెంట్ వేడెక్కి ఒత్తిడి పెరుగుతుంది. రాత్రి బండి ఆపాక కూడా ఇంజన్ చల్లారేదాకా ఆ ఒత్తిడి కొంత మిగిలి ఉండి, ఎక్కడో ఉన్న సన్నటి సందులోంచి కూలెంట్‌ను చుక్కచుక్కగా లోపలికి నెడుతుంది. పొద్దున సెల్ఫ్ కొట్టగానే ఆ నీరంతా సిలిండర్లోకి వస్తుంది. డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ఉండదు. గాలిని పదహారు, పదిహేడు రెట్లు నొక్కినప్పుడు పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. ఆ వేడిని నీళ్ళు లాగేసుకుంటే ఆ సిలిండరు కాసేపు మండదు. వణుకు అదే.

మొదట చూపించిన షెడ్డులో ఈ నోటుబుక్కు ఎవరూ అడగలేదు, నేనూ ఇవ్వలేదు.

అక్కడ మొదటిసారి రేడియేటర్ మూత మార్చారు. అది తప్పనను. మూతలో స్ప్రింగు వదులైతే ఒత్తిడి నిలవదు, కూలెంట్ ముందే మరిగి పోతుంది. సగం నీళ్ళు, సగం కూలెంట్ కలిపిన ద్రవం మామూలుగా 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మూత బాగుండి ఒక బార్ ఒత్తిడి, అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత, నిలిస్తే అదే ద్రవం 125 డిగ్రీలు దాటినా మరగదు. మే నెల మధ్యాహ్నం ఏసీ వేసుకుని వారధి మీద ట్రాఫిక్‌లో ఆగిన బండికి ఆ తేడాయే ఊపిరి. రెండోసారి వెళితే చల్లటి ఇంజన్ స్టార్ట్ అవడానికి వేడినిచ్చే హీటర్ ప్లగ్గులు నాలుగూ మార్చి, డీజిల్ చిమ్మే నాజిళ్ళు క్లీన్ చేశారు. పొద్దున వణుకు, తెల్ల పొగ అని చెప్పాను కాబట్టి అటు ఆలోచించారు. మూడోసారి వెళితే అక్కడి కుర్రాడు చేతులు తుడుచుకుంటూ వచ్చి, "హెడ్ గ్యాస్కెట్ పోయింది సార్, ఇంజన్ విప్పాలి" అన్నాడు. గ్యాస్కెట్ సెట్టు, లేత్‌లో హెడ్ ఫేసింగ్, టైమింగ్ కిట్టు, లేబరు అన్నీ కలిపి 58 వేలు. అప్పటికే 11,400 ఇచ్చి ఉన్నాను.

"పోయిందని ఎలా తెలిసింది తమ్ముడూ?"

"కూలెంట్ తగ్గుతోంది, తెల్ల పొగ వస్తోంది, పొద్దున మిస్సింగ్ కొడుతోంది. ఇంకేముంటుంది సార్?"

అతను మోసగాడని నేను అనుకోలేదు, ఇప్పటికీ అనుకోవడం లేదు. ఆ మూడు లక్షణాలూ కలిస్తే హెడ్ గ్యాస్కెట్ అనుకోవడం సహజమే. చాలా డీజిళ్ళలో కింద బ్లాకు పోత ఇనుము, పైన హెడ్ అల్యూమినియం. అదే వేడికి అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెండింతలు సాగుతుంది. ఆ రెండింటి మధ్య నలుగుతూ, ఒక పక్క మంటనూ ఇంకో పక్క కూలెంట్‌నూ మరో పక్క ఆయిల్‌నూ విడివిడిగా ఆపేది ఆ పలుచటి గ్యాస్కెట్. ఇంజన్ ఒక్కసారి బాగా హీటెక్కితే హెడ్ వంగుతుంది. మి.మీ.లో పదో వంతు వంగినా చాలు, గ్యాస్కెట్ పట్టు వదిలేస్తుంది. వేడిగా ఉన్న ఇంజన్ మీద చల్లటి నీళ్ళు గుమ్మరించడం అందుకే అంత ప్రమాదం.

అయితే నా బండి ఒక్కసారి కూడా హీటెక్కలేదు. ఆ ఒక్క మాట అక్కడ ఎవరైనా అడిగి ఉంటే బాగుండేది.

పొగ గురించి కొంచెం చెప్పాలి. నల్ల పొగ అంటే డీజిల్‌కి సరిపడా గాలి అందడం లేదు. ఎయిర్ ఫిల్టర్, టర్బో పైపులు, నాజిళ్ళు చూడాలి. నీలం రంగు కలిసిన పొగ అంటే ఇంజన్ ఆయిల్ మండుతోంది. తెల్ల పొగతోనే చిక్కంతా, ఎందుకంటే అది రెండు రకాలు. డీజిల్ మండకుండా అలాగే బయటికొస్తే తెల్లగానే ఉంటుంది, కానీ కళ్ళు మండుతాయి, పచ్చి డీజిల్ వాసన కొడుతుంది. అప్పుడు హీటర్ ప్లగ్గులో నాజిళ్ళో అని అనుమానించడంలో అర్థం ఉంది. కూలెంట్ ఆవిరైతే వచ్చే తెల్ల పొగ దట్టంగా ఉండి, తొందరగా చెదిరిపోదు, కంటికి మంట ఉండదు, ఆ తీపి వాసన ఉంటుంది. రెండడుగుల దూరంలో నిలబడి ఒక్క క్షణం వాసన చూస్తే నా బండిది ఏ రకమో తెలిసేది. ప్లగ్గులు మార్చే ముందు ఎవరూ వెనక్కి వెళ్ళి చూడలేదు. ఆ తీపి ఇథిలీన్ గ్లైకాల్‌ది, అది విషం. ఎక్కడైనా ఒలికితే కుక్కలు తీపికి నాకి చచ్చిపోతాయి. పార్కింగులో కూలెంట్ ఒలికితే నీళ్ళు పోసి కడిగెయ్యండి.

ఆటోనగర్‌కి నన్ను పంపింది మా పెదనాన్న కొడుకు. అతనికి రెండు లారీలున్నాయి. ఆసియాలోనే పెద్ద ఆటో కేంద్రాల్లో ఒకటిగా మన ఆటోనగర్‌కి పేరుంది. బాడీలు కట్టేవాళ్ళ వెల్డింగు మెరుపులు, లేత్‌ల చప్పుడు, పాత స్పేర్ల కుప్పలు దాటుకుని లోపలికి వెళితే ఒక రేకుల షెడ్డు. అక్కడి పెద్దాయన్ని అందరూ భాయ్ అనే పిలుస్తారు. ఆయన ముందుగా బానెట్ ఎత్తలేదు. స్టూలు లాగి నన్ను కూర్చోమని, ఇరవై నిమిషాలు ప్రశ్నలే అడిగారు. ఎప్పుడు మొదలైంది, ఎప్పుడైనా హీటెక్కిందా, తగ్గేది ఊళ్ళోనా రోడ్డు మీదా, రాత్రి ఎంతసేపు ఆగితే పొద్దున ఎంతసేపు వణుకుతుంది. నేను నోటుబుక్కు తీసిచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని ప్రతి పేజీ చదివారు. నా బండి గురించి ఒకరు అంత శ్రద్ధగా వినడం అదే మొదటిసారి. చెప్పడానికి కొంచెం విచిత్రంగా ఉంది గానీ, నాకు ఆ స్టూలు మీదే సగం టెన్షన్ తగ్గింది.

"ముందే చెబుతున్నా సార్. బండి రెండు రాత్రులు ఇక్కడ ఉండాలి. ఏమీ మార్చకపోయినా పదిహేను వందలు ఇవ్వాలి. ఇష్టమైతేనే పెట్టండి."

పెట్టాను. ఆ రెండు రోజుల్లో ఏం జరిగిందో వివరంగా రాస్తాను, ఎందుకంటే పరీక్ష అంటే ఏమిటో నాకు అక్కడే అర్థమైంది.

ముందు ఆయిల్ గేజీ తీసి చూశారు. ఆయిల్ శుభ్రంగా ఉంది, మజ్జిగలా తెల్లబడలేదు, అంటే అందులో కూలెంట్ కలవలేదు. తర్వాత చల్లటి ఇంజన్ మీద మూత తీసి, దాని స్థానంలో మీటరున్న చిన్న చేతి పంపు బిగించారు. సైకిల్ పంపు లాంటిదే. మూత మీద 1.1 అని రాసి ఉంది, ఆయన ఒక బార్ దగ్గర ఆపారు. వేడి ఇంజన్ మీద ఈ పరీక్ష చెయ్యకూడదని చెప్పారు, ఎందుకంటే ఇంజన్ చల్లారేకొద్దీ ఒత్తిడి దానంతటదే పడిపోయి లేని లీకు ఉన్నట్టు కనిపిస్తుంది. సాయంత్రం ఆరింటికి ఒకటి దగ్గరున్న ముల్లు మర్నాడు పొద్దున 0.6 కి దిగింది. హోసు పైపులు, క్లిప్పులు, వాటర్ పంపు కింది చిన్న రంధ్రం, కారు లోపల కాళ్ళ దగ్గరి కార్పెట్, అన్నీ పొడిగా ఉన్నాయి. లీకు లోపలే. ఇక్కడితో ఆగిపోయి ఉంటే ఆయన కూడా హెడ్ గ్యాస్కెట్ అనే అనేవారేమో.

కానీ డీజిల్ బండిలో కూలెంట్‌కీ పొగకీ మధ్య ఇంకో గోడ ఉంది. సైలెన్సర్ వైపు వెళ్ళే పొగలో కొంత భాగాన్ని మళ్ళీ ఇంజన్‌లోకే పంపుతారు. మంట వేడి తగ్గి నైట్రోజన్ ఆక్సైడ్లు తక్కువగా పుట్టడానికి. దాన్నే ఈజీఆర్ అంటారు. ఆ పొగను ముందు చల్లబరచడానికి ఒక చిన్న కూలర్ ఉంటుంది, దాని గొట్టాల్లోంచి పొగ, చుట్టూ కూలెంట్. ఆ గొట్టం చిట్లితే కూలెంట్ రాత్రంతా పొగదారిలోకి కారి, పొద్దున గాలితో కలిసి సిలిండర్లోకి పోతుంది. అప్పుడూ కూలెంట్ తగ్గుతుంది, తెల్ల పొగ వస్తుంది, మిస్సింగ్ కొడుతుంది. మూడు లక్షణాలూ అవే.

భాయ్ ఆ కూలర్‌కి వెళ్ళే రెండు కూలెంట్ పైపులూ ఊడదీసి, ఒక ముక్క గొట్టంతో వాటిని ఒకదానికొకటి కలిపేశారు. అంటే కూలర్‌ను దారిలోంచి తప్పించారు. మళ్ళీ ఒక బార్ వరకు పంపు కొట్టి రాత్రంతా వదిలేశారు. రెండో పొద్దున నేను ఏడింటికే వెళ్ళాను. ముల్లు ఒకటి దగ్గరే ఉంది. వెంట్రుకంత కూడా కదల్లేదు. హెడ్ గ్యాస్కెట్ చెడిపోయి ఉంటే, కూలర్ ఉన్నా తప్పించినా ముల్లు దిగాల్సిందే.

తర్వాత కూలర్ విప్పి, ఒక చివర మూసి, రెండో చివర గాలి పట్టి, బక్కెట్ నీళ్ళలో ముంచారు. పంక్చర్ షాపులో ట్యూబు ముంచినట్టే. ఒక మూల నుంచి బుడగలు వరసగా పైకి లేచాయి. నా రెండు నెలల టెన్షన్ ఆ బక్కెట్‌లో కనిపించింది. రసాయనంతో చేసే ఇంకో పరీక్ష ఉందట. కూలెంట్ ఆవిరిని నీలం ద్రవంలోంచి పంపితే పొగ కలిసి ఉన్నప్పుడు రంగు మారుతుంది. ఈ కేసులో అది కూడా తప్పుదారి పట్టించి ఉండేదని చెప్పారు, ఎందుకంటే చిట్లిన కూలర్‌లోంచి కూడా పొగ కూలెంట్‌లోకి రావచ్చు. రంగు మారింది కాబట్టి గ్యాస్కెటే అనుకుని ఇంజన్ విప్పేవాళ్ళు. విప్పాక గ్యాస్కెట్ బాగానే ఉన్నా, విప్పారు కాబట్టి కొత్తది వేసి మూసేవాళ్ళు. కూలర్ అలాగే ఉండేది. 58 వేలు పోయాక మొదటి హైదరాబాద్ ట్రిప్పు మర్నాడు నా బండి మళ్ళీ దగ్గేది.

కూలర్ లోపల తెల్లటి పొలుసులు చూపించి, "ఏ నీళ్ళు పోస్తున్నారు సార్?" అని అడిగారు. తగ్గినప్పుడల్లా అపార్ట్‌మెంట్ బోరు నీళ్ళు పోశాను. చిట్లింది దానివల్లేనని ఆయన అనలేదు, కానీ ఉప్పు నీళ్ళు లోహాన్ని తింటాయని, కలపాల్సి వస్తే బ్యాటరీ నీళ్ళే (డిస్టిల్డ్ వాటర్) కలపమని చెప్పారు. ఆ తప్పు నాది. డిక్కీలో కవర్లో ఉన్న పాత హీటర్ ప్లగ్గులు కూడా మీటరు పెట్టి చూశారు. నాలుగూ ఒకటే రీడింగు, ఒక ఓమ్ లోపు. నాలుగూ బాగున్నాయి.

కూలర్ 14,200. విప్పి బిగించినందుకు, కొత్త కూలెంట్‌కు కలిపి మూడు వేల చిల్లర. చూసినందుకు 1,500.

ఇంటికొచ్చి చెబితే మా బావ మొదటి మాట, "ఏమీ మార్చకుండా పదిహేను వందలా? నిన్ను బాగా ముంచాడు బావా." నాకు చాలా బాధేసింది. బావ మీద కాదు, ఆ మాట మూడు నెలల క్రితం నేనే అనేవాణ్ణి కాబట్టి. బాగున్న ప్లగ్గులు మార్చినందుకు 11,400 లో పెద్ద భాగం మారుమాట్లాడకుండా ఇచ్చాను, ఎందుకంటే చేతిలో పాత సామాను పెట్టారు, బిల్లులో కొత్త సామాను పేరుంది. కనిపించే వస్తువుకి ఎంతైనా ఇస్తాం. ఆలోచనకీ, ఓపికకీ, బండిని రెండు రాత్రులు షెడ్డులో ఉంచుకుని వేరే పని వదులుకున్నందుకూ ఇవ్వం.

ఇందులో తప్పు మెకానిక్‌ల కంటే మనదే ఎక్కువ అని నా గట్టి అభిప్రాయం. షెడ్డు అద్దె, కుర్రాళ్ళ జీతాలు రోజూ నడవాలి. చూసినందుకు ఎవరూ ఇవ్వనప్పుడు వాళ్ళకు డబ్బు వచ్చే దారి ఒక్కటే, ఏదో ఒకటి మార్చడం. రాత్రంతా పంపు బిగించి వదిలేసే షెడ్డు ఆ రాత్రికి ఏమీ సంపాదించదు. పది నిమిషాల్లో అంచనా కట్టి సామాను మార్చే షెడ్డు సంపాదిస్తుంది. కొన్నేళ్ళకు పరీక్ష చేసే పరికరమే కొనరు, కొననిదాన్ని కుర్రాళ్ళు నేర్చుకోరు. ఆటోనగర్‌లో లారీ ఓనర్లకు ఈ సంగతి తెలుసు. బండి ఆగిన ప్రతి రోజూ నష్టమే కాబట్టి వాళ్ళు షెడ్డులోనే కూర్చుని, ఏం విప్పుతున్నారో, ఎందుకు విప్పుతున్నారో దగ్గరుండి అడుగుతారు. కార్ల వాళ్ళం తాళం చేతిలో పెట్టి వెళ్ళిపోతాం, సాయంత్రం ఫోన్లో "ఎంతయింది?" అని మాత్రమే అడుగుతాం.

చెవితో విని చెప్పేసే మేస్త్రీలు ఉన్నారు కదా, ఈ పంపులూ మీటర్లూ ఎందుకని మా ఆఫీసులో ఒకాయన అడిగారు. ఉన్నారు, వాళ్ళంటే నాకు గౌరవం. కానీ భాయ్‌కి ఉన్న అనుభవమూ తక్కువేం కాదు. ఆయన విన్నదాన్ని నమ్మకుండా ముల్లును నమ్మారు. లోపలి లీకుకి చప్పుడుండదు. చూసినందుకు డబ్బు తీసుకుని ఏమీ చూడకుండా మళ్ళీ సామాను మార్చేవాళ్ళు ఉండరా అంటే, ఉంటారు. అందుకే డబ్బిచ్చేటప్పుడు ఏ పరీక్ష చేశారు, రీడింగు ఎంత వచ్చింది అని అడిగి కాగితం మీద రాయించుకోవాలి. పరీక్ష చేసినవాడు చెప్పగలడు. చెయ్యనివాడు "ఇంకేముంటుంది సార్" అంటాడు. ఇక డబ్బులేనివాళ్ళ సంగతి. టాక్సీ నడుపుకునే మనిషికి 1,500 చిన్న మొత్తం కాదు, ఒప్పుకుంటాను. కానీ అవసరం లేని ఇంజన్ పనికి 58 వేలు అప్పు తెచ్చి, వారం పాటు బండి ఆపుకోవడం ఆ మనిషినే అందరికంటే ఎక్కువ దెబ్బ తీస్తుంది.

గత నెల బ్రేక్ లైనింగుల కోసం మొదటి షెడ్డుకే వెళ్ళాను, ఇంటికి దగ్గరని. అదే కుర్రాడు. పాత కూలర్ డిక్కీలోనే ఉంది, తీసి చూపించాను. అటూ ఇటూ తిప్పి చూశాడు, చిట్లిన చోట గోటితో గీకాడు. భాయ్ ఏం చేశారో మొదటి నుంచీ చెప్పాను. పైపులు కలిపి కూలర్‌ను తప్పించడం దగ్గర ఆపి, మళ్ళీ చెప్పమన్నాడు. రెండోసారి చెప్పాక కాసేపు మాట్లాడలేదు.

"ఆ పంపు ఎంత ఉంటుంది సార్?"

నాలుగైదు వేలట, ఆటోనగర్‌లోనే దొరుకుతుందని చెప్పాను. జేబులోంచి బాల్‌పెన్ తీసి అరచేతి మీద రాసుకున్నాడు.